పులస వేళలో డ్యూరాండ్ కప్

నాకౌట్ టోర్నీకి టికెట్లు కొనేటప్పుడు దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. జట్టును చూసి కొంటారు. ఆ జట్టు క్వార్టర్ ఫైనల్లోనే ఇంటిదారి పడితే, ఇక చేతిలో రిటర్న్ టికెట్ పెట్టుకుని ఊరు చూడ్డమే. డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్‌కి వెళ్లేవాళ్లు జట్టు సంగతి పక్కనబెట్టి మైదానాన్ని నమ్ముకోవాలి. ఎవరు ఆడతారో గ్రూపులు ముగిసి డ్రా తీసేదాకా తేలదు. ఎక్కడ ఆడతారో మాత్రం ముందే తెలుస్తుంది.

మేం చూసింది 134వ డ్యూరాండ్. 2025 జులై 23న మొదలై ఆగస్టు 23న ముగిసింది. 24 జట్లు, ఆరు గ్రూపులు, ఐదు ఊళ్లు: కోల్‌కతా, జంషెడ్‌పూర్, కోక్రాఝార్, షిల్లాంగ్, ఇంఫాల్. గ్రూపుల్లో మొదటి స్థానం వచ్చిన ఆరు జట్లూ, రెండో స్థానాల్లో మెరుగైన రెండూ క్వార్టర్స్‌కి వెళ్తాయి. అక్కణ్నుంచి ఒక్క ఓటమితో ఆట ముగిసినట్టే. 90 నిమిషాలకి స్కోరు సమమైతే ఎక్స్‌ట్రా టైమ్ లేదు, నేరుగా పెనాల్టీలే. ఆ లెక్క చూసుకునే చివరి ఎనిమిది రోజులు పట్టుకున్నాం: కోల్‌కతాలో క్వార్టర్ ఫైనల్, షిల్లాంగ్‌లో ఒక సెమీస్, మళ్లీ కోల్‌కతాలో రెండో సెమీస్, ఫైనల్. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) భవిష్యత్తు ఏమిటో తేలక క్లబ్బులు అయోమయంలో ఉన్న రోజులవి. ఐఎస్ఎల్ నుంచి ఆరు జట్లే వచ్చాయి. వాటిలో హైదరాబాద్ లేదు.

ఆగస్టు 16, శనివారం. కోల్‌కతా

జన్మాష్టమి. ఉత్తర కోల్‌కతా మిఠాయి కొట్లలో ఆ పూట రసగుల్లాని మించి అమ్ముడయ్యేది తాటిపండు బూరె, వాళ్ల మాటలో 'తాలేర్ బొడా'. మన కోనసీమలో తాటిపండు గుజ్జుతో రొట్టె కాలుస్తాం. వీళ్లు అదే గుజ్జులో బియ్యప్పిండి, కొబ్బరి, బెల్లం కలిపి చిన్న చిన్న బూరెల్లా నూనెలో వదులుతారు. వేడిమీద తింటే బాగుంటుంది. చల్లారితే తాటిపండు వాసన బాగా పైకొస్తుంది, అలవాటు లేనివాళ్లకి కష్టం. పండగ దాటాక అడిగితే చాలా కొట్లలో దొరకదు.

మ్యాచ్ మర్నాడే అయినా ఊరంతా అదే మాట. డ్రాలో ఈ ఊరి రెండు పెద్ద క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్వార్టర్ ఫైనల్లోనే ఎదురుపడ్డాయి. ఫైనల్లో డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు జట్ల పోరు, చూడొచ్చని 23వ తేదీకి సెలవు పెట్టుకున్న బెంగాలీలు తలలు పట్టుకున్నారు. ఎస్ప్లనేడ్ దగ్గర మట్టి గ్లాసులో టీ పోసే ఓ పెద్దాయన ఎక్కణ్నుంచి వచ్చారని అడిగి, 'హైదరాబాద్' అనగానే చేతిలో కెటిల్ కింద పెట్టేశాడు. హబీబ్, నయీముద్దీన్, బలరామ్, వరసగా ముగ్గురు హైదరాబాద్ ఆటగాళ్ల పేర్లు చెప్పాడు. హబీబ్ పేరు చెప్పేటప్పుడు చెవి పట్టుకున్నాడు. గురువుల పేరెత్తితే ఇక్కడ అలా పట్టుకుంటారు. 1960లు, 70లలో ఈ ఊరి రెండు పెద్ద క్లబ్బులకీ ఆడిన మహమ్మద్ హబీబ్ హైదరాబాద్‌లోనే 2023 ఆగస్టు 15న పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ అదే ఏడాది ఫిబ్రవరిలో పోయారు. ఆ పేర్లు మన ఊళ్లో ఎంతమందికి గుర్తున్నాయో గానీ, ఇక్కడ టీ పది రూపాయలైతే పెద్దాయన మాత్రం డబ్బు తీసుకోలేదు.

ఆగస్టు 17, ఆదివారం. సాల్ట్ లేక్

డెర్బీకి వెళ్లేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది చొక్కా రంగు. ఎరుపు-పసుపు ఈస్ట్ బెంగాల్, ఆకుపచ్చ-మెరూన్ మోహన్ బగాన్. తెలియక పసుపు టీషర్టు వేసుకుని మోహన్ బగాన్ గ్యాలరీలో కూర్చుంటే ఎవరూ కొట్టరు, అయితే 90 నిమిషాలూ వేళాకోళం తప్పదు. తెలుపో బూడిదరంగో వేసుకోవడం మేలు.

మ్యాచ్ నాటికి మెట్రో గ్రీన్ లైన్ ఇంకా రెండు ముక్కలుగానే ఉంది. హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా ఒక ముక్క, సియాల్దా నుంచి సెక్టార్ ఫైవ్ దాకా రెండోది. మధ్యలో బౌబజార్ కింద 2019లో సొరంగం తవ్వుతుంటే నేల కుంగి ఇళ్లు కూలాయి. అందుకే ఆ రెండున్నర కిలోమీటర్లు ఇన్నేళ్లు ఆగిపోయాయి. ఎస్ప్లనేడ్‌లో దిగి ఆటోలకోసం చూస్తే ఆదివారం సాయంత్రం దొరకలేదు. జెండాలు పట్టుకున్న కుర్రాళ్ల వెంట నడిచి సియాల్దా చేరడమే దారైంది. అక్కడ రెండో మెట్రో ఎక్కితే 'సాల్ట్ లేక్ స్టేడియం' అనే స్టేషనే ఉంది. ఛార్జీ నామమాత్రం, ఈ లైను మొత్తం మీద ముప్పై రూపాయలు దాటదు.

స్టేడియం అసలు పేరు వివేకానంద యువభారతి క్రీడాంగన్. 1984లో కట్టారు. ఈనాటి కుర్చీల లెక్కలో 65 వేలమందికి పైగా పడతారు. ఇక్కడ దారి తప్పేది లోపల కాదు, బయటే. టికెట్ మీద గేటు నంబరు, ర్యాంపు నంబరు విడిగా ఉంటాయి. రెండు క్లబ్బుల అభిమానుల్ని ఎదురెదురు వైపుల నుంచి లోపలికి పంపుతారు. మెట్రో దిగి జనం ఎటు పోతే అటు నడిస్తే సగం అవకాశం అవతలి వాళ్ల గేటుకి చేరడానికే. అక్కణ్నుంచి వెనక్కి పంపిస్తారు, బారికేడ్ల వల్ల అడ్డదారి ఉండదు. ప్రహరీ చుట్టూ తిరిగి రావాలి, దానికి అరగంట. గంటన్నర ముందు వెళ్లమని ఊరికే చెప్పరు. నీళ్ల సీసా, లైటర్, పవర్ బ్యాంక్ గేటు దగ్గరే వదిలేయాలి. పవర్ బ్యాంక్ పారేయడానికి మనసొప్పని వాళ్లు ఎదురుగా ఉన్న పాన్ డబ్బాలో దాచుకుంటున్నారు, యాభై రూపాయలు. తిరిగొచ్చేటప్పటికి డబ్బా మూసేసి ఉండొచ్చన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

గేటు బయట తినేది ఘుగ్ని. ఎండు బఠాణీలు ఉడికించి, ఉల్లి, పచ్చిమిర్చి, చింతపండు నీళ్లు పోసి ఆకు దొన్నెలో ఇస్తారు. పక్కనే ఝాల్ మూడీ, అంటే ఆవనూనె చుక్కతో మన మరమరాల మిక్చర్. రెండూ కలిపి యాభై లోపే. గ్యాలరీ టికెట్ ధర కూడా ఒక పూట భోజనం ఖర్చు దాటదు.

ఆట సంగతి. ఈస్ట్ బెంగాల్ ఫార్వర్డ్ హమీద్ అహదాద్ మొదట్లోనే గాయపడి బయటికెళ్లాడు, అతని బదులు గ్రీకు స్ట్రైకర్ దియామంతాకోస్ దిగాడు. 38వ నిమిషంలో పెనాల్టీ అతనే కొట్టాడు, 52లో రెండో గోలూ అతనిదే. 68లో అనిరుధ్ థాపా దూరం నుంచి కొట్టి ఒకటి తగ్గించాడు. తర్వాతి ఇరవై నిమిషాలు మోహన్ బగాన్ బంతిని అవతలి పెనాల్టీ ఏరియా చుట్టూనే తిప్పింది. కానీ ఈస్ట్ బెంగాల్ డిఫెండర్లు వెనక్కి జరిగి, బాక్స్ మధ్యని మూసేసి, పక్కల నుంచి వేసే క్రాస్‌లు మాత్రం వేసుకోనిచ్చారు. 2-1. పదిహేడుసార్లు ఈ కప్ గెలిచిన మోహన్ బగాన్ ఇంటికెళ్లింది. మన దేశపు ఆటలో వీడియో రిఫరీ లేదు కాబట్టి ప్రతి ఆఫ్‌సైడ్‌కీ లైన్స్‌మన్ జెండా చూసి ఊరుకోవాలి. గ్యాలరీలో తాతలు మాత్రం ఊరుకోరు.

మ్యాచ్ అవగానే మెట్రోకి పరుగెత్తకూడదు. ఓడిన వైపు గ్యాలరీ ముందు ఖాళీ అవుతుంది, గెలిచినవాళ్లు అరగంట ఆగి లారీలెక్కుతారు. చిన్న లారీని ఇక్కడ 'మాటాడోర్' అంటారు. దాని మీద ముప్పై మంది, ఒక జెండా, ఒక డప్పు. ఆ రెండు అలల మధ్య ఒక పావుగంట సందు దొరుకుతుంది. స్టేషన్ ప్లాట్‌ఫాం ఖాళీగా ఉండేది అప్పుడే.

ఆగస్టు 18, సోమవారం. పొద్దున చేపల బజారు, సాయంత్రం షిల్లాంగ్

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాల చేప ఇలిష్, పశ్చిమాన పుట్టిన 'ఘొటీ'ల ఇష్టం చింగ్రి, అంటే రొయ్య. ఇలిష్ అంటే మరేం కాదు, మన పులసే. సముద్రంలో విలసగా ఉన్నప్పుడు రుచి తక్కువ, వరద నీటికి ఎదురీదుతూ నదిలోకి వచ్చాక కొవ్వు పట్టి పులస అవుతుంది. గోదావరిలోనూ హుగ్లీలోనూ కథ ఒకటే, నెలలూ అవే. కిలో దాటిన చేప బజారులో కిలో 1,800 చెప్పారు. బెంగాలీ గృహిణులు ముక్కు మీద వేలేసుకున్నారు. యానాంలో పులస పాట పాడే రేటు చెబితే వాళ్లేమంటారో!

వండే పద్ధతి మాత్రం వేరు. మనం చింతపండు పులుసులో బెండకాయ వేసి గంటలకొద్దీ మరిగించి మర్నాడు తింటాం. వీళ్లు 'భాపా' చేస్తారు. నల్ల ఆవాలు, పసుపు ఆవాలు సమానంగా నానబెట్టి, పచ్చిమిర్చి, ఉప్పు వేసి నూరాలి. ఉప్పూ మిర్చీ లేకుండా ఎక్కువసేపు నూరితే ఆ ముద్ద చేదెక్కి కూరంతా పాడవుతుంది. దాంట్లో పచ్చి ఆవనూనె, పసుపు కలిపి చేప ముక్కలకి పట్టించి, మూత బిగువుగా ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, ఆవిరిమీద పన్నెండు, పదిహేను నిమిషాలు. అంతే. చేపని కడగడం కూడా ముక్కలు కోయకముందే. కోశాక కడిగితే నూనె పోతుందని చేపలమ్మి కేకలేసింది. ముల్లు విషయంలో సాయం లేదు. అన్నంలో కలిపేముందు వేళ్లతోనే వెతకాలి.

మధ్యాహ్నానికి గువాహటి. విమానాశ్రయం నుంచి షిల్లాంగ్‌కి ఒకే బండి మాట్లాడుకుంటే మూడు, మూడున్నర వేలు అడుగుతారు. టాక్సీలో ఖానాపారా దాకా వెళ్లి షేర్ సుమో ఎక్కితే సీటుకి నాలుగైదు వందలు. అయితే సుమో నిండేదాకా కదలదు, చీకటి పడ్డాక దొరకడం కష్టం. నాలుగింటిలోపు ఖానాపారాలో ఉంటే మేలు. జోరాబాట్ దగ్గర కుడికి తిరిగిన దగ్గర్నుంచి కొండదారి, గువాహటి ఊరి నుంచి మొత్తం వంద కిలోమీటర్లు. నోంగ్‌పోలో బండి ఆపుతారు. అక్కడ రీ-భోయి జిల్లా అనాసపండు చక్రాలుగా కోసి ఉప్పు, ఎండుమిర్చి చల్లి ఇస్తారు. నాలిక మండేంత పులుపు ఉండదు, అది ఈ నేల గుణం. ఉమియం చెరువు దాటాక ఇక చేరినట్టే అనుకుంటాం, అక్కడే పొరపాటు. మావ్లాయ్ దగ్గర ట్రాఫిక్ ఆగితే చివరి పది కిలోమీటర్లకే గంట. మ్యాచ్ రోజున గువాహటి నుంచి బయల్దేరి సాయంత్రానికి స్టేడియంలో కూర్చుందామనుకునే వాళ్లు ఈ గంటని లెక్కలో వేసుకోరు.

ఆగస్టు 19, మంగళవారం. పోలో గ్రౌండ్

షిల్లాంగ్‌లో తిరగడానికి నల్ల-పసుపు చిన్న మారుతీ టాక్సీలు. ఇవి ఆటోల్లా మనకోసం ఆగవు. కిటికీలోంచి వెళ్లే చోటు అరవాలి: 'పోలో', 'లైటుమ్‌ఖ్రా', 'పోలీస్ బజార్'. డ్రైవర్ దారి అటైతే తలూపుతాడు, లేకపోతే చూడకుండా పోతాడు. సీటుకి ఇరవై, ముప్పై రూపాయలు. ఖాళీ బండి ఎక్కి నోరు మూసుకుంటే 'రిజర్వ్' కింద లెక్కేసి నూటయాభై అడుగుతారు. ఎక్కేముందే 'షేర్' అని చెప్పాలి. ఆడవాళ్లని 'కాంగ్' అనీ మగవాళ్లని 'బా' అనీ పిలిస్తే ముఖం విప్పారుతుంది. కృతజ్ఞత చెప్పడానికి 'ఖుబ్లే'. హోటళ్లు, కొట్లు నడిపేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆస్తి కూడా తల్లి నుంచి చిన్న కూతురికి పోతుంది. బేరం చేస్తే గొంతు పెంచరు, నవ్వి వస్తువు వెనక్కి తీసుకుంటారు.

భోజనం 'జా స్టాల్'లో. జాదో అంటే ఎర్రబియ్యం, పంది మాంసం కలిపి వండిన అన్నం. కొన్ని చోట్ల పంది నెత్తురు కూడా వేస్తారు, తినని వాళ్లు ముందే అడగాలి. దోనియాంగ్ అంటే పంది మాంసం నల్ల నువ్వుల ముద్దలో. మన నువ్వుల పొడి కూరని గుర్తుచేస్తుంది గానీ కారం ఉండదు. కారం కావాలంటే పక్కన తుంగ్‌తాప్, ఎండు చేపల పచ్చడి. మన ఎండు మెత్తళ్ల పచ్చడి తిన్నవాళ్లకి అదే ప్రాణం పోస్తుంది. ప్లేటు 120 నుంచి 180 మధ్య. చివర్లో ఎర్ర టీ, పాలుండవు.

భోజనం తర్వాత మర్యాదగా ఇచ్చేది 'క్వాయ్'. చూడ్డానికి మన తాంబూలమే. ఆకు, సున్నం, వక్క. తేడా వక్కలో ఉంది. ఇది ఎండు వక్క కాదు, పచ్చిది, నానబెట్టి పులియనిచ్చింది. నమిలిన రెండు నిమిషాల్లో చెవులు వేడెక్కి నుదుటి మీద చెమట పడుతుంది, కొందరికి తల తిరుగుతుంది. కూర్చుని నమలాలి, చిన్న ముక్కతో మొదలెట్టాలి. కాదంటే తప్పు పట్టరు.

స్టేడియం పక్కనే మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో 'తీర్' జరుగుతుంది. ఇది చూడకుండా పోలో గ్రౌండ్ చూశామనకూడదు. యాభై మంది దాకా విలుకాళ్లు అర్ధచంద్రంలా కూర్చుని, గడ్డితో చుట్టిన లక్ష్యం మీదికి కొన్ని నిమిషాలపాటు బాణాలు వేస్తారు. గుచ్చుకున్న బాణాలన్నీ లెక్కపెట్టి, ఆ సంఖ్యలో చివరి రెండంకెలు ప్రకటిస్తారు. ఊరంతా ఆ రెండంకెల మీద రూపాయి దగ్గర్నుంచి పందెం కాస్తుంది. ఇది ఇక్కడ చట్టబద్ధం, ప్రతి సందులోనూ కౌంటర్ ఉంటుంది. మొదటి రౌండ్ తగిలితే రూపాయికి ఎనభై. రాత్రి కలలో ఏనుగు కనిపిస్తే ఏ నంబరు, చేప కనిపిస్తే ఏ నంబరు అని లెక్క చెప్పే పెద్దలుంటారు. గుచ్చిన బాణాల్ని పదేసి కట్టలుగా తీసి అందరి ముందూ లెక్కపెట్టే తీరు చూస్తే, ఓట్ల లెక్కింపు కూడా ఇంత నిశ్శబ్దంగా జరగదనిపిస్తుంది.

సాయంత్రం సెమీస్: గువాహటి జట్టు నార్త్ఈస్ట్ యునైటెడ్, సొంతూరి జట్టు షిల్లాంగ్ లాజాంగ్. కిందటేడు కూడా ఇదే సెమీ ఫైనల్, ఇదే మైదానం, అప్పుడు నార్త్ఈస్ట్ 3-0తో గెలిచింది. ఈసారి లాజాంగ్ గట్టిగా నిలబడింది. ఒక్క గోలే తేడా, అది కొట్టినవాడు రెడీమ్ త్లాంగ్. షిల్లాంగ్ కుర్రాడే, ఆడుతున్నది మాత్రం అవతలి జట్టుకి. గోల్ పడ్డప్పుడు గ్యాలరీలో సగం చప్పట్లు, సగం మౌనం, కొన్నిచోట్ల ఒకే కుటుంబంలో రెండూ. కోల్‌కతాలో రిఫరీని తిట్టని నిమిషం లేదు. ఇక్కడ పాడతారు. గిటార్ తెచ్చుకున్నవాళ్లు కూడా కనిపించారు. వానొస్తే ఎవరూ లేవరు. ఒక ప్లాస్టిక్ షీటు ఆ చివర్నుంచి ఈ చివరికి తలల మీదుగా సాగుతుంది, ఎవరిదని అడిగేవాళ్లు లేరు.

మ్యాచ్ అయ్యాక భోజనం గురించి ఒక హెచ్చరిక: రాత్రి తొమ్మిది దాటితే జా స్టాళ్లు మూసేస్తారు. పోలీస్ బజార్‌లో మోమోలు, పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం మాత్రమే దొరుకుతాయి.

ఆగస్టు 20, బుధవారం. మూడు రాష్ట్రాలు, ఒక మ్యాచ్

తెల్లవారి అయిదుకి షిల్లాంగ్‌లో బండెక్కితే తొమ్మిదింటికి గువాహటి విమానాశ్రయం. ఆ వేళ మావ్లాయ్ ఖాళీ. ఇలాంటి పరుగుకి ముందురోజే పూర్తి బండి మాట్లాడుకోవాలి, షేర్ సుమోని నమ్మకూడదు. సాయంత్రానికి మళ్లీ సాల్ట్ లేక్.

ఈస్ట్ బెంగాల్ ఎదుట డైమండ్ హార్బర్ ఎఫ్‌సీ. 2022లో పుట్టిన క్లబ్బు, డ్యూరాండ్‌లో ఇదే మొదటిసారి. గ్రూపులో మోహన్ బగాన్ చేతిలో 5-1తో చావుదెబ్బ తిని కూడా, రెండో స్థానాల లెక్కలో బతికి బయటపడింది. బీఎస్ఎఫ్ మీద 8-1 గెలుపు ఇచ్చిన గోల్స్ తేడానే దానికి ప్రాణం. చిన్న జట్టుని ఓడిస్తున్నప్పుడు నాలుగో గోల్ దగ్గర ఆగిపోకూడదని కోచ్‌లు చెప్పేది ఇందుకే. క్వార్టర్స్‌లో జంషెడ్‌పూర్‌ని వాళ్ల ఊళ్లోనే 2-0తో ఓడించి వచ్చారు.

ఎర్ర-పసుపు గ్యాలరీ డెర్బీ మత్తులోంచి ఇంకా బయటపడలేదు. ఈస్ట్ బెంగాల్ పదేపదే దాడి చేసింది, గోల్ రాలేదు. 66వ నిమిషంలో డైమండ్ హార్బర్ స్పానిష్ డిఫెండర్ మికెల్ కొర్తాసార్ గాల్లోకి లేచి, వెనక్కి వాలి, తల మీదుగా కాలితో కొట్టాడు. బంతి వలలో పడింది. మరుసటి నిమిషంలోనే అన్వర్ అలీ దూరం నుంచి కొట్టి సమం చేశాడు. అందరూ పెనాల్టీల లెక్కలు వేస్తుండగా 83లో జాబీ జస్టిన్ రెండోది కొట్టాడు. ఒకప్పుడు ఈస్ట్ బెంగాల్ చొక్కాలోనే పేరు తెచ్చుకున్న కేరళ కుర్రాడు. మూడు రోజుల కింద ఇలిష్ కొనిపెట్టిన కుటుంబాలు ఆ రాత్రి ఏం తిన్నాయో తెలీదు. మెట్రోలో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ఆగస్టు 21, గురువారం. డైమండ్ హార్బర్

ఫైనల్‌కి వచ్చిన ఊరు చూడాలి కదా. సియాల్దా దక్షిణ సెక్షన్ నుంచి లోకల్ రైలు, గంటన్నర పైచిలుకు, టికెట్ పదిహేను రూపాయల దరిదాపు. సియాల్దాలో మూడు సెక్షన్లు ఉన్నాయి. ఉత్తర సెక్షన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి డైమండ్ హార్బర్ బండికోసం ఎదురుచూస్తే అది రాదు. 'సౌత్' అని అడిగి కుడి చివరకి నడవాలి. పొద్దున పూట ఊరి నుంచి వచ్చే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, వెళ్లేవి ఖాళీ.

ఊరు హుగ్లీ ఒడ్డున ఉంది. అక్కడ నది ఎంత వెడల్పంటే అవతలి గట్టు ఒక గీతలా కనిపిస్తుంది. రాజమండ్రి దిగువన గోదారి చూసినవాళ్లకి కొత్తేం కాదు. చూడాల్సింది నగేంద్ర బజార్, ఇలిష్ టోకు వ్యాపారం ఇక్కడే. సముద్రం నుంచి వచ్చిన చేపని పెట్టెల్లో ఐసు కింద పరిచి పాట పాడతారు. నీళ్లు, పొలుసులు, ఐసు కలిసి నేలంతా జారుడు. రబ్బరు చెప్పులైతే పడటం ఖాయం. చిల్లరగా ఒక చేప అడిగితే ఇవ్వరు, బయటి వరసలో కొట్ల దగ్గర కొనాలి. మంచి చేపని గుర్తుపట్టేది మొప్పల ఎరుపు చూసి, కడుపు వెడల్పు చూసి. సన్నగా పొడుగ్గా ఉన్నది సముద్రపుది, వీపు గుండ్రంగా పొట్టిగా ఉన్నది నది నీళ్లు తాగింది. విలసకీ పులసకీ మనవాళ్లు చెప్పే గుర్తే ఇది.

ఒడ్డున పాత కోట శిథిలాలున్నాయి, పేరు చింగ్రిఖాలి. ఇలిష్‌తో బతికే ఊళ్లో కోటకి రొయ్య పేరు! నదీ కోతకి చాలా భాగం పోయింది, పావుగంటలో అయిపోతుంది.

ఆగస్టు 22, శుక్రవారం. మైదాన్

ప్రధాని వచ్చి మెట్రో మార్గాలు ప్రారంభించిన రోజు. ఎస్ప్లనేడ్-సియాల్దా మధ్య తెగిన ముక్క కలిసింది. డమ్‌డమ్ వైపు రోడ్లు మూసి ఉన్నాయి కాబట్టి ఆ రోజు పనులన్నీ మైదాన్ చుట్టూ పెట్టుకోవడమే తెలివి.

మైదాన్ సైన్యం అధీనంలోని నేల. పక్కా కట్టడాలకి అనుమతి లేదు కాబట్టే వందేళ్లు దాటిన క్లబ్బుల ఆఫీసుల్ని కూడా 'తాఁబు' అనే పిలుస్తారు, అంటే డేరా. క్యాంటీన్‌లో స్టూ, టోస్ట్ తినాలి. బొప్పాయి, క్యారెట్, కోడి ముక్క, మిరియాలు వేసిన పల్చని స్టూ. ప్రాక్టీసు అయిన ఆటగాళ్లకోసం పుట్టిన తిండి కాబట్టి మసాలా వెతక్కండి.

డ్యూరాండ్ కూడా సైన్యం పెంచిన కప్పే. 1888లో సర్ హెన్రీ మార్టిమర్ డ్యూరాండ్ సిమ్లా కొండల్లో బ్రిటిష్ పటాలాలకోసం మొదలెట్టాడు. 1940లో ఢిల్లీకి, 2019లో కోల్‌కతాకి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1950లో జరిగిన తొలి టోర్నీలో మోహన్ బగాన్‌ని ఓడించి కప్పు ఎత్తింది ఎవరో ఇక్కడి పాత అభిమానుల్ని అడగండి, ఠక్కున చెబుతారు: హైదరాబాద్ సిటీ పోలీస్. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు. మళ్లీ 1954, 1957ల్లో గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో నాలుగోసారి. బొంబాయి రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు. సైన్యం జట్లూ పోలీసు జట్లూ ఇప్పటికీ డ్యూరాండ్‌లో ఆడుతున్నాయి. 2025లో ఇండియన్ నేవీ క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది.

ఆగస్టు 23, శనివారం. ఫైనల్

వారం కింద నడిచి వెళ్లిన బౌబజార్ కిందుగా ఈసారి రైల్లోనే. హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్ దాకా దిగాల్సిన పని లేదు. కొత్త లైను చూడ్డానికి వచ్చిన కుటుంబాలు, సెల్ఫీలు, బెలూన్లు. ఫుట్‌బాల్ చొక్కాలు ఆ గుంపులో మైనారిటీ. సియాల్దాలో తోపులాట ఎక్కువ, తలుపు దగ్గర నిలబడకుండా లోపలికి జరగాలి.

డెర్బీనాటి జనం లేరు. ఆట మొదలు సాయంత్రం అయిదున్నరకి. సైన్యం బ్యాండు వాయిస్తుండగా మూడు ట్రోఫీలు బల్లమీద పెట్టారు. గెలిచినవాళ్లకి ఒకటి కాదు, మూడిస్తారు: డ్యూరాండ్ కప్పు, సిమ్లా ప్రజలు 1904లో ఇచ్చిన సిమ్లా ట్రోఫీ, 1956లో రాజేంద్రప్రసాద్ ఇచ్చిన ప్రెసిడెంట్స్ కప్. మొదటి రెండూ మళ్లీ తిరిగివ్వాలి, మూడోది క్లబ్బుకే ఉండిపోతుంది.

నార్త్ఈస్ట్ యునైటెడ్ ముందు డైమండ్ హార్బర్ అరగంట నిలబడింది. 30వ నిమిషంలో అషీర్ అఖ్తర్, విరామానికి కాస్త ముందు పార్థిబ్ గొగోయ్, విరామం అవగానే థోయ్ సింగ్ గోల్స్ వేశారు. 68లో లూకా మాయ్‌చెన్ ఒకటి తిరిగిచ్చాడు, గ్యాలరీలో కాస్త ప్రాణమొచ్చింది. గోల్‌కోసం డిఫెన్స్ ముందుకు జరిగిన కొద్దీ వెనక మైదానం ఖాళీ అయింది. చివరి పది నిమిషాల్లో జైరో సాంపెరియో, ఆండీ గైతాన్, పెనాల్టీతో అలాఎద్దీన్ అజారై వరసగా మూడు వేశారు. 6-1. అజారైకి టోర్నీలో అది ఎనిమిదో గోల్, గోల్డెన్ బూట్ అతనిదే. గెలిచినవాళ్లకి 1.21 కోట్లు. కిందటేడు ఇదే మైదానంలో పెనాల్టీల మీద మోహన్ బగాన్‌ని ఓడించిన నార్త్ఈస్ట్ యునైటెడ్, ఈసారి షూటౌట్ దాకా రానివ్వలేదు.

అస్సాం గమోసాలు (తువ్వాళ్లు) మెడలో వేసుకున్న ఓ నలభై మంది చివరిదాకా ఉండి, చుట్టూ ఉన్న కుర్చీల కింద చెత్త ఏరి సంచుల్లో వేసుకుని వెళ్లారు. షిల్లాంగ్‌లో కూడా ఇదే చూశాం.

తిరుగు ప్రయాణం

ఇలిష్ ఇంటికి తేవాలంటే థర్మాకోల్ పెట్టె, ఐసు, ప్యాకింగ్ టేపు కలిపి మూడొందలు. పెట్టె అడుగున ఐసు, మీద ప్లాస్టిక్‌లో చుట్టిన పూర్తి చేప, పైన మళ్లీ ఐసు. పొలుసు తీయకూడదు, పొట్ట మాత్రం శుభ్రం చేయించాలి. టేపు నాలుగు వరసలు వేయకపోతే రైల్లో నీళ్లు కారి పక్కవాళ్లతో గొడవ. పగటి ప్రయాణం అయితే భువనేశ్వర్ దగ్గర ఐసు మార్చాలి, ప్లాట్‌ఫాం మీద చేపల పార్సిల్ కుర్రాళ్లని అడిగితే ముప్పై రూపాయలకి పోస్తారు. ఇంటికొచ్చాక చేసింది ఆవాల భాపా కాదు. చింతపండు, బెండకాయలు, చివర్లో కాస్త వెన్న వేసి మన పులుసే. అమ్మమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, 'గోదారిది కాదర్రా' అని, రెండో ముక్క వేయించుకుంది.